అమెరికా ఎం.ఆర్క్ పోర్ట్‌ఫోలియో: ఏ1 జ్యూరీ షీట్ల నుంచి ఏ4 పేజీకి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో బి.ఆర్క్ (ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ) అయిపోయింది, రెండేళ్లుగా ఆఫీసులో చేస్తున్నారు, వచ్చే ఫాల్‌కి (ఆగస్టు-సెప్టెంబర్లో మొదలయ్యే సెమిస్టర్) అమెరికాలో ఎం.ఆర్క్‌కి (ఆర్కిటెక్చర్ మాస్టర్స్) దరఖాస్తు పెట్టాలి. పది సెమిస్టర్ల షీట్లన్నీ పేరిస్తే 64 పేజీలు, 140 ఎంబీల పీడీఎఫ్ తయారైంది. ఎన్ని ప్రాజెక్టులు ఉంచాలి, ఆఫీసు పని పెట్టొచ్చా, ఫైలు ఎలా తగ్గించాలి?

ఫైలు 140 ఎంబీ అవడానికీ, పేజీలు 64 అవడానికీ కారణం ఒక్కటే. జ్యూరీ (కాలేజీలో డిజైన్ పనిని పరీక్షించే) రోజు గోడకు అంటించడానికి గీసిన షీట్లను అలాగే తెచ్చి చిన్న పేజీలో ఇరికించారు. ఆన్‌లైన్ కంప్రెసర్‌లో వేస్తే 20 ఎంబీకి దిగుతుంది, కానీ అందులో చదవడానికి ఏమీ మిగలదు. ఒకసారి లెక్క చూడండి. ఏ1 అంటే 841 × 594 మి.మీ., ఏ4 అంటే 297 × 210. పొడవు 2.83 రెట్లు తగ్గుతుంది. 1:100లో గీసిన ప్లాన్ 1:283 అవుతుంది, అలాంటి స్కేలు ఏ స్కేలు బద్ద మీదా ఉండదు. 2.5 మి.మీ. అక్షరం 0.9 మి.మీ.కి పడిపోతుంది. 0.13 మి.మీ. గీత 0.05 దగ్గరికొస్తుంది. స్క్రీన్ మీద అలాంటి గీత మాయమైనా అవుతుంది, లేదా అక్రోబాట్‌లో సన్న గీతల్ని స్పష్టంగా చూపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే సన్న గీతలన్నీ ఒకే మందంలో కనిపిస్తాయి. కిటికీ చట్రానికీ ఫ్లోర్ టైలుకీ తేడా ఉండదు. చూసేవాళ్లు మీ డిజైన్ దాకా వెళ్లకముందే ‘ఈ అభ్యర్థికి లైన్ వెయిట్ (ఏ గీత ఎంత మందం ఉండాలో) తెలియదు’ అనుకుంటారు.

కాబట్టి కుదించడం మానేసి, ఎంచుకున్న డ్రాయింగులను ఏ4 కోసం మళ్లీ ప్లాట్ చేయండి. మొత్తం పనిలో సగం కాలం దీనికే పోతుంది, పోనివ్వండి.

క్యాడ్ ఫైలుకి కాపీ తీసుకుని అందులోంచి డైమెన్షన్లు, గ్రిడ్ బబుల్స్, తలుపుల-కిటికీల షెడ్యూలు ట్యాగులు, టైల్ హ్యాచ్, కారు బ్లాకులు తీసేయండి. చెట్ల బ్లాకులు తప్పకుండా తీయండి, ఒక్కో చెట్టులో వందల గీతలుంటాయి. తర్వాత స్కేలు. చుట్టూ 12 మి.మీ. మార్జిన్ వదిలితే అడ్డం ఏ4లో మీకు దొరికేది 273 × 186 మి.మీ. 36 మీటర్ల భవనం 1:200లో 180 మి.మీ. వస్తుంది, పక్కన రాతకి చోటు మిగులుతుంది. 60 మీటర్లైతే 1:250లో 240 మి.మీ. అంతకన్నా పెద్ద క్యాంపస్ అయితే 1:500కి వెళ్లండి, కానీ అప్పుడు ఫర్నిచర్, డోర్ స్వింగులు తీసేసి గోడలు, మెట్లు మాత్రమే ఉంచండి. 1:200లో 230 మి.మీ. గోడ 1.15 మి.మీ. మందం వస్తుంది, దాన్ని నల్లగా నింపేయండి. 115 గోడ 0.6 దాకా వస్తుంది, అదీ నింపొచ్చు. నింపని చోట కట్ లైన్ (కోసిన చోటి గీత) 0.5 మి.మీ., దగ్గరి అంచులు 0.25, వెనక కనిపించేవి 0.13, నేల గీతలు 0.08 ఉంటే ఏ4కి సరిపోతుంది. ఈ పెన్నులతో ఒక సీటీబీ ఫైలు (ఆటోక్యాడ్‌లో గీతల మందాలు దాచుకునే ఫైలు) చేసి అన్ని ప్రాజెక్టులకీ అదే వాడండి. మూడో సంవత్సరం డ్రాయింగూ థీసిస్ డ్రాయింగూ ఒకే చేతిలోంచి వచ్చినట్టు కనిపించడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

పీడీఎఫ్‌ని ఎవరు ఏ జూమ్‌లో తెరుస్తారో తెలియదు కాబట్టి ‘1:200’ అని రాసి ఊరుకోవద్దు, స్కేల్ బార్ పెట్టండి. ఒక ప్రాజెక్టులో అన్ని ప్లాన్లకీ ఉత్తరం ఒకే వైపు ఉండాలి. పేజీలో సరిపోలేదని మొదటి అంతస్తును 90 డిగ్రీలు తిప్పితే చదివేవాళ్లు అక్కడే దారి తప్పుతారు.

ఏ3లో పెట్టనా అని చాలామంది అడుగుతారు. పెట్టొద్దు. ప్రింటు అడగని చోట ఏ3కీ ఏ4కీ తేడా స్క్రీన్ మీద కనిపించదు, రెంటి నిష్పత్తీ ఒకటే. మోసం అక్షరాల దగ్గర జరుగుతుంది. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో టూల్‌బార్లు పోగా పేజీకి దొరికే ఎత్తు దాదాపు 150 మి.మీ. అడ్డం ఏ4 ఎత్తు 210 కాబట్టి 71 శాతానికి తగ్గి కనిపిస్తుంది, 9 పాయింట్ల అక్షరం 6.4 అవుతుంది. కష్టమే, కానీ చదవొచ్చు. అదే ఏ3 అయితే ఎత్తు 297, సరిగ్గా సగానికి తగ్గుతుంది, 9 పాయింట్లు 4.5 అవుతాయి. డిజైన్ చేస్తున్నప్పుడు మీరు జూమ్ చేసుకుని చూస్తారు కాబట్టి ఈ తేడా మీకు తెలియదు. నిలువు పేజీ కూడా వద్దు, స్క్రీన్‌లో రెండు పక్కలా చోటు వృథా. అడ్డం ఏ4, రాత 9 పాయింట్లు, కాప్షన్ 8కి తగ్గకుండా, ఫాంటు ఒకటి, మహా అయితే రెండు.

ఇక ఎన్ని ప్రాజెక్టులు? అంతకుముందు ఒక మాట. మీరు ‘ఎం.ఆర్క్’ అని ఒక్క పేరే రాశారు, కానీ అక్కడ ఆ పేరుతోనూ, దానికి దగ్గరగానూ వేర్వేరు కోర్సులున్నాయి. ఉదాహరణకు హార్వర్డ్ జీఎస్‌డీలో ఎం.ఆర్క్-1 ప్రధానంగా ఆర్కిటెక్చర్ వృత్తి డిగ్రీ లేనివాళ్లది, ఐదేళ్ల బి.ఆర్క్ ఉన్నవాళ్లకి ఎం.ఆర్క్-2. కొలంబియాలో బి.ఆర్క్ వాళ్లు ఎక్కువగా వెళ్లే అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్ కోర్సు మూడు సెమిస్టర్లు, వేసవిలోనే మొదలవుతుంది. అంటే ‘ఫాల్‌కి’ అనుకుని వీసా, ఉద్యోగం రాజీనామా ప్లాన్ చేసుకుంటే లెక్క తప్పుతుంది. ఎంఐటీ ఎస్.ఎం.ఆర్క్.ఎస్ రెండేళ్ల పరిశోధన డిగ్రీ. ఎం.ఆర్క్-2 లాంటి చోట డిజైన్ చేయగల చేయి ఉందా అని చూస్తారు. పరిశోధన డిగ్రీకి ఒకే ప్రశ్న వెంట రెండు మూడు ప్రాజెక్టుల్లో తిరిగారా అన్నది కనిపించాలి. కాబట్టి రెండో రకానికి ప్రాజెక్టుల వరుస, కొన్ని పేజీలు మారతాయి. అమెరికాలో లైసెన్స్ తీసుకునే ఆలోచన ఉంటే ఇంకోటి గమనించండి: అక్కడి నాబ్ (ఆర్కిటెక్చర్ డిగ్రీలకు గుర్తింపునిచ్చే సంస్థ, NAAB) గుర్తింపు వృత్తి డిగ్రీకి ఉంటుంది, బి.ఆర్క్ తర్వాత చేసే పోస్ట్-ప్రొఫెషనల్ డిగ్రీకి ఉండదు.

పేజీల పరిమితి ఒక్కో స్కూలుకి ఒక్కో రకం, ఏటా మారొచ్చు కూడా. మీ జాబితాలో అన్నిటికన్నా తక్కువ పేజీలు, తక్కువ ఎంబీలు ఏ స్కూలు అడుగుతుందో చూసి, దానికి సరిపోయేలా ముఖ్య ఫైలు చేయండి. మిగతావాటికి పేజీలు కలపడం తేలిక, తీసేయడం కష్టం. కవర్, విషయసూచిక లెక్కలోకి వస్తాయో రావో కూడా చదవండి. కొన్నిచోట్ల రెండు పేజీల స్ప్రెడ్‌ని రెండుగా లెక్కిస్తారు, కొన్నిచోట్ల ఒకటిగా.

24 పేజీలు అనుకుంటే నేను ఇలా పంచుతాను: కవర్ 1, సూచిక 1, ప్రధాన ప్రాజెక్టు 7, రెండోది 5, మూడోది 4, డాక్యుమెంటేషన్ 3, ఆఫీసు పని 3. అంటే ఐదు. ఆరోది పెట్టాలనిపిస్తే దానికి పేజీలు దేంట్లోంచి తీస్తారో ముందు చెప్పుకోండి. ప్రధాన ప్రాజెక్టు థీసిసే కావాలని రూలేమీ లేదు. మన కాలేజీల్లో థీసిస్ అంటే 40 వేల చదరపు మీటర్ల ఆస్పత్రో, ఎయిర్‌పోర్టో, కన్వెన్షన్ సెంటరో అవుతుంది. ప్రోగ్రామ్ నింపడానికే సెమిస్టర్ అయిపోతుంది, ఆలోచనకి చోటు దొరకదు. అయిదో సెమిస్టర్లో చేసిన చిన్న లైబ్రరీ దానికన్నా పదునుగా ఉంటే దాన్నే ముందు పెట్టండి. కాలక్రమం ఎవరూ అడగరు.

థీసిస్ రిపోర్టులోంచి మొహమాటం లేకుండా తీసేయాల్సినవి: లిటరేచర్ స్టడీ, మూడు కేస్ స్టడీలు, న్యూఫర్ట్ (కొలతల ప్రమాణాల పుస్తకం) నుంచి ఎత్తిన స్టాండర్డ్స్, ఏరియా స్టేట్‌మెంట్, గాలి దిశ-సూర్యుడి దారి-రోడ్లు అని రంగు బాణాలు వేసిన సైట్ అనాలిసిస్. ఆ బాణాల వల్ల మీ ప్లాన్‌లో ఒక్క గోడైనా జరిగిందా? జరిగితే ఆ ఒక్కటే చూపించండి.

మిగిలినదాన్ని ఎలా చెప్పాలో ఒక ఉదాహరణ. మీ థీసిస్ పోచంపల్లిలో చేనేత కేంద్రం అనుకుందాం. సగటు పోర్ట్‌ఫోలియోలో ఇది ఇక్కత్ నమూనాని ముఖభాగం మీద జాలీగా మార్చిన రెండర్‌తో (కంప్యూటర్‌లో చేసిన భవనం బొమ్మతో) మొదలవుతుంది. చూసేవాళ్లకి అది చాలా పాత సంగతి. పని లోపలి నుంచి మొదలుపెట్టండి. గుంట మగ్గం మీద మనిషి నేల మట్టంలో కూర్చుంటాడు, కాళ్లు గుంటలో ఉంటాయి, కాబట్టి అతని కన్ను నిలబడ్డ మనిషి కన్ను కన్నా చాలా కింద ఉంటుంది. కిటికీ అడుగు ఎంత ఎత్తులో ఉండాలి, వెలుతురు పోగుల మీద ఏ వైపు నుంచి పడాలి, వానాకాలం గుంటలోకి చెమ్మ ఎక్కకుండా నేల కింద ఏం చేయాలి అన్నవి ఇక్కడి నుంచే పుడతాయి. దీన్ని 1:20 సెక్షన్‌లో ఒక పూర్తి పేజీకి గీయండి. పడుగు చాచి పట్టడానికి పొడవైన నీడ జాగా కావాలి, అది మీ ప్రాంగణం పొడవును తేల్చిందనుకోండి, తర్వాతి పేజీలో 1:200 ప్లాన్ ఆ సంగతి చెబుతుంది. ఆ తర్వాత 1:500 సైట్. చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్లడం వల్ల ప్రతి డ్రాయింగుకీ ముందు డ్రాయింగు కారణం అవుతుంది. ఏడు పేజీల్లో రెండు సెక్షన్లకి, ఒకటి ప్లాన్‌కీ సైట్‌కీ, ఒకటి మోడల్‌కి, ఒకటి వద్దనుకున్న ప్రత్యామ్నాయాలకి, ఒకటి కట్టే పద్ధతికి, ఒకటి రెండర్‌కి. సెక్షన్‌కి ఎక్కువ చోటివ్వడం నా పక్షపాతమే అనుకోండి. నిర్మాణం, వెలుతురు, మనిషి కొలత మూడూ ఒకే చోట తెలిసేది అందులోనే.

వద్దనుకున్న ప్రత్యామ్నాయాల పేజీ చాలామంది పెట్టరు. మూడు చిన్న మాసింగ్‌లు (భవనం మొత్తం ఆకారం చూపే బొమ్మలు), ఒక్కోదాని కింద ఎందుకు వదిలేశారో ఒక వాక్యం. ఉన్న స్కెచ్‌లు, బటర్ పేపర్లు స్కాన్ చేసి పెట్టండి. లేకపోతే మానేయండి. ఇప్పుడు కూర్చుని ‘కాన్సెప్ట్ స్కెచ్’ పాతదానిలా గీస్తే అతికినట్టు తెలిసిపోతుంది, ఎందుకంటే అది చివరి భవనంలాగే ఉంటుంది.

రాత విషయం. ఒక్కో ప్రాజెక్టుకి 60 నుంచి 90 ఇంగ్లిష్ మాటలు, అంతకు మించొద్దు. ‘ప్రకృతితో మమేకమై సంస్కృతిని ప్రతిబింబించే ప్రాంగణం’ అన్న ధోరణిలో రాసిన వాక్యం ఏ భవనానికైనా అతుకుతుంది, కాబట్టి మీదానికి అతకదు. ‘నేతగాడి కన్ను నేలకి దగ్గరగా ఉంటుంది, అందుకే కిటికీలు కిందికి దిగాయి’ అన్నది మీ ప్రాజెక్టుకి మాత్రమే చెల్లుతుంది. మొదటి పేజీలో ఒక సన్న వరుసలో ఊరు, విస్తీర్ణం, సెమిస్టర్, ఒంటరిగానా గ్రూపుగానా అన్నవి చాలు. ఆటోక్యాడ్ 90 శాతం, ఫోటోషాప్ 75 శాతం అని పట్టీలు గీసే అలవాటు మానండి. నూటికి నూరు ఎవరిదో ఎవరికీ తెలియదు.

రెండర్లు ప్రాజెక్టుకి ఒకటి, మహా అయితే రెండు. రెండర్ సాఫ్ట్‌వేర్ లుమియన్‌లో ముందే ఉన్న ఆకాశం, కోట్లు తొడుక్కున్న విదేశీయులు, మేపుల్ చెట్లు కరీంనగర్ బస్టాండులో ఉంటే నవ్వొస్తుంది. మీ సైటుకి వెళ్లి ఫోన్లో తీసిన మనుషుల్ని కత్తిరించి పెట్టుకోండి, వేప, కానుగ, గుల్మొహర్ పెట్టండి. ఏఐతో చేసిన బొమ్మలకు ఒక్కో స్కూల్లో ఒక్కో నియమం ఉంది, దరఖాస్తు పేజీలో చదివి, వాడితే వాడానని రాయండి. నియమం సంగతి అటుంచితే, ఆ బొమ్మలో కిటికీలు నాలుగుంటాయి, మీ ఎలివేషన్‌లో అయిదుంటాయి. ప్లాన్ చదవగల ప్రొఫెసర్ ఆ తేడా పట్టేస్తారు, ఆపైన మిగతా పేజీల మీద కూడా అనుమానం మొదలవుతుంది.

మోడళ్లు జ్యూరీ తర్వాత స్టూడియో మూలన పడి, వానాకాలానికి సన్‌బోర్డ్ వంగి, ఫెవికాల్ వదిలేసి ఉంటాయి. ఫోటోలు లేకపోతే ఒక్క ప్రాజెక్టుకైనా 2 మి.మీ. మౌంట్ బోర్డుతో 1:200లో మళ్లీ చేయండి. మొత్తం భవనం అక్కర్లేదు, సెక్షన్ దగ్గర కోసిన ఒక ముక్క చాలు, మూడు నాలుగు రోజుల పని. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. ఉత్తరం కిటికీ దగ్గర, లేదా మబ్బు పట్టిన రోజు డాబా మీద, వెనక బూడిద రంగు చార్ట్ పేపరు వంపుగా పెట్టి తీయండి. ట్రైపాడ్, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 నుంచి 11. ఫోన్ అయితే వైడ్ లెన్స్ వాడొద్దు, గోడలు బయటికి ఒరుగుతాయి. రెండు రెట్ల జూమ్ పెట్టి దూరం జరగండి. 1:100 మోడల్లో మనిషి కన్ను 16 మి.మీ. ఎత్తులో, 1:200లో 8 మి.మీ.లో ఉంటుంది. కెమెరాని అంత కిందికి దించితే లోపల నిలబడ్డట్టు ఉంటుంది. పైనుంచి తీసినవి ఒక్కటి చాలు. షట్టర్ నొక్కే ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి, ఫోటోషాప్‌లో దుమ్ము తుడవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

డాక్యుమెంటేషన్‌ని తక్కువ చేయకండి. నాసా (మన దేశ ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం) డాక్యుమెంటేషన్ పోటీ లూయీ కాన్ ట్రోఫీ కోసమో, మెజర్డ్ డ్రాయింగ్స్ సబ్జెక్టులోనో కోనసీమ మండువా లోగిలినో, తెలంగాణ గడీనో టేపు పెట్టి కొలిచి ఉంటారు. మన దగ్గరి విద్యార్థి చేతిలో ఉండి, వేరే దేశాల అభ్యర్థి దగ్గర ఉండని సరుకు ఇదే. దూలం గోడ మీద ఎలా కూర్చుంది, మండువాలో పడ్డ వాన నీళ్లు ఎటు పోతాయి అన్నది ఒక పెద్ద సెక్షన్‌లో చూపండి. కానీ ఇది దాదాపు ఎప్పుడూ గ్రూపు పనే. ‘పన్నెండుమంది బృందం. కొలతలు అందరివీ. ఈ సెక్షన్, ఈ ఆక్సనోమెట్రిక్ నేను గీసినవి’ అని ఆ పేజీ మీదే రాయాలి. అదే గ్రూపులో ఇంకో ఇద్దరు అదే స్కూలుకి దరఖాస్తు పెట్టడం అరుదేమీ కాదు. ఒకే డ్రాయింగు ముగ్గురి పేరు మీద కనిపిస్తే ముగ్గురికీ ముప్పే. వేరేవాళ్లు గీసిన డ్రాయింగు తప్పనిసరైతే చిన్నగా పెట్టి, గీసింది ఎవరో రాయండి.

ఆఫీసు పని పెట్టొచ్చు, మూడు పేజీలకు మించకుండా. ముందు ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్ నుంచి ఈమెయిల్‌లోనైనా అనుమతి తీసుకోండి, క్లయింట్ పేరు, ప్లాట్ నంబరు, టైటిల్ బ్లాక్ తీసేయండి. బయటి విజువలైజర్ చేసిన రెండర్ మీది కాదు, అది రాకూడదు. మునిసిపల్ శాంక్షన్ డ్రాయింగు కూడా పనికిరాదు, అందులో సెట్‌బ్యాకులు తప్ప మీరు తేల్చింది ఏముంటుంది? పనికొచ్చేది మీరు స్వయంగా కుస్తీ పట్టిన డీటెయిల్: ఒక మెట్ల వరుస, ఒక చజ్జా, ఒక రాతి క్లాడింగ్ మూల. ఎడమవైపు 1:10 డ్రాయింగు, కుడివైపు అదే కోణంలో సైట్ ఫోటో. సైట్లో మేస్త్రీ మార్చిన చోటు ఉంటే దాచకండి, గుర్తు పెట్టి ఎందుకు మారిందో ఒక లైను రాయండి. రెండేళ్ల అనుభవానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. 24 పేజీలు, 15 ఎంబీ లక్ష్యం అనుకుంటే పేజీకి దాదాపు 0.6 ఎంబీ. పేజీ నిండా ఫోటో ఉన్నా 150 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర 1754 × 1240 పిక్సెళ్లే, మంచి నాణ్యత జేపెగ్‌లో ఇది ఆ బడ్జెట్‌లో ఇముడుతుంది. బరువు నిజంగా ఎక్కడుందో చూడాలంటే అక్రోబాట్ ప్రోలో ఆడిట్ స్పేస్ యూసేజ్ నడపండి. బొమ్మలు ఎక్కువ తింటుంటే రిజల్యూషన్ తగ్గించాలి. కంటెంట్ స్ట్రీమ్స్ ఎక్కువ తింటుంటే దోషి హ్యాచ్‌లూ చెట్లూ. ఆ పొరను మాత్రం 200 పీపీఐ బొమ్మగా మార్చి కింద పెట్టి, గోడల గీతలు వెక్టర్‌గానే పైన ఉంచండి. మొత్తం డ్రాయింగును జేపెగ్ చేస్తే నల్లగీతల చుట్టూ మురికి మచ్చలు వస్తాయి.

ఇన్‌డిజైన్‌లో స్మాలెస్ట్ ఫైల్ సైజ్ ప్రీసెట్ బొమ్మల్ని 100 పీపీఐకి దించి నాణ్యత బాగా తగ్గిస్తుంది, హై క్వాలిటీ ప్రింట్ 300 దగ్గర ఉంచుతుంది. రెండూ మీకు సరిపోవు. రెండోదాన్ని కాపీ చేసి 150 నుంచి 200 మధ్య పెట్టి, జేపెగ్ నాణ్యత హై, రంగులు స్క్రీన్ కోసం ఉన్న ఎస్ఆర్‌జీబీకి మార్చేలా కొత్త ప్రీసెట్ చేసుకోండి. ప్రింటు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఎగుమతి చేస్తే స్క్రీన్ మీద రంగులు వెలిసిపోతాయి. అక్షరాల్ని అవుట్‌లైన్లుగా మార్చొద్దు, ఫాంటు ఎలాగూ ఫైల్లో కలుస్తుంది, మారిస్తే చిన్న అక్షరాలు లావుగా కనిపిస్తాయి.

గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో ఉంటాయి. సెప్టెంబర్ మొదట్లో మొదలుపెడితే ఏరడానికి రెండు వారాలు, మళ్లీ గీయడానికి ఆరు, మోడల్-ఫోటోలకి ఒకటి, లేఅవుట్‌కి రెండు, సరిదిద్దడానికి ఒకటి. ఆఫీసు చేస్తూ కాబట్టి ఇందులో ఒకటి రెండు వారాలు ఎలాగూ జారతాయి. లేఅవుట్ అయ్యాక ఆర్కిటెక్చర్ తెలిసినా మీ ప్రాజెక్టులు తెలియని ఒకరికి ల్యాప్‌టాప్ ఇచ్చి, మూడు నిమిషాలు తిప్పనిచ్చి, మూసేసి, ఏ ప్రాజెక్టు దేని గురించో చెప్పమనండి. మీరు మధ్యలో వివరించకూడదు. వాళ్లు చెప్పలేని ప్రాజెక్టు మొదటి పేజీ మళ్లీ చేయాలి. రెండు పేజీలు జిరాక్స్ షాపులో నలుపు-తెలుపులో ప్రింటు తీసి చూడండి, గ్రే అంతా ఒక ముద్దగా వస్తే స్క్రీన్ మీద కూడా కాంట్రాస్ట్ చాలదన్నమాట.

అప్‌లోడ్ చేసేటప్పుడు ప్రతి స్కూలుకీ వేరే ఫోల్డర్ పెట్టండి, కవర్ మీద స్కూలు పేరు అసలు రాయకండి. ఒకదాని పేరుతో ఉన్న కవర్ ఇంకోదానికి వెళ్లిపోవడం ప్రతి సీజన్‌లో జరిగేదే. పోర్టల్‌లో ప్రివ్యూ తెరిచి చివరి పేజీ దాకా తిప్పి చూశాకే సబ్మిట్ నొక్కండి. గడువు న్యూయార్క్ సమయం రాత్రి 11:59 అని ఉంటే, శీతాకాలంలో మనకది మర్నాడు ఉదయం 10:29. కాలిఫోర్నియా స్కూలు పసిఫిక్ సమయం ఇస్తే మధ్యాహ్నం 1:29.